పరిష్కర్త ముందున్న తెర: తెలుగు ప్రాచీనపాఠాల మార్కప్‌కు ఎడిటర్ ఎంపిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తాళపత్ర ప్రతుల పాఠాలను, పాఠాంతరాలను ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో భద్రపరచే పని తెలుగు పరిశోధనలో ఇప్పుడిప్పుడే చోటు చేసుకుంటోంది. ఆ పనికి ఏ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలన్న ప్రశ్నను సాధారణంగా ధర, వేగం, సౌకర్యాల లెక్కతో తేల్చేస్తారు. ఎడిటర్ తెరమీద చూపేదీ చూపకుండా దాచేదీ పరిష్కర్త నిర్ణయాలను ప్రభావితం చేస్తాయనీ, తెలుగు లిపి స్వభావాన్ని బట్టి ఈ ఎంపికకు వేరే కొలమానాలు అవసరమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎక్స్‌ఎమ్‌ఎల్, టీఈఐ, పాఠపరిష్కరణ, యూనికోడ్, అక్షరం, యతి, స్కీమా.

1. ఉపోద్ఘాతం

పాఠాన్ని సంస్కరించే పండితుణ్ణి తెలుగులో పరిష్కర్త అంటారు. ఆ పండితుడు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటారు. ఆంగ్లంలో ఈ రెంటికీ ఒకటే పేరు. తెలుగులో పేర్లు వేరుగా ఉండటం ఒక విధంగా మేలే. పరిష్కర్త చేయవలసిన పనిలో కొంత భాగాన్ని సాఫ్ట్‌వేర్ తనంత తానుగా చేసేస్తున్నప్పుడు, ఆ నిర్ణయం ఎవరిదని అడగటానికి ఈ భేదం వీలు కల్పిస్తుంది.

మార్కప్ భాషల చరిత్రను ఇక్కడ విస్తరించనవసరం లేదు. ఎస్‌జీఎమ్‌ఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మరుసటి సంవత్సరం అమెరికాలోని వాసర్ కళాశాలలో జరిగిన సమావేశం నుండి టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ (టీఈఐ) పుట్టింది. 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ వెలువడింది. టీఈఐ మార్గదర్శకాల ఐదవ రూపమైన పి5 2007లో వచ్చి, సవరణలతో నేటికీ కొనసాగుతోంది. శిథిలమైన అక్షరాన్ని గుర్తించడానికి అన్‌క్లియర్, పరిష్కర్త పూరించిన భాగానికి సప్లైడ్, లుప్తభాగానికి గ్యాప్, పాఠాంతరాలకు యాప్, లెమ్, ఆర్‌డీజీ అనే మూలకాలు అందులో ఉన్నాయి. ముద్రిత ప్రతుల్లో అధోజ్ఞాపికలుగా ఉండే సామగ్రి అంతా వీటిలో ఇముడుతుంది.

ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు సాదా పాఠమే. కంప్యూటరుతో పాటు వచ్చే నోట్‌ప్యాడ్‌లోనైనా దాన్ని తెరవవచ్చు. అలాంటప్పుడు ఎడిటర్ ఎంపికకు ఇంత ప్రాధాన్యం దేనికన్న సందేహం సహజం. ఆంగ్ల గ్రంథం మీద పని చేసేవారికి ఈ సందేహం చాలావరకు న్యాయమైనదే. తెలుగు గ్రంథం విషయంలో అది నిలవదు.

2. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

‘లక్ష్మి’ అన్న పదాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఛందశ్శాస్త్రం ప్రకారం ఇందులో రెండక్షరాలు. యూనికోడ్ నిల్వలో ఏడు కోడ్ పాయింట్లు: ల, క, విరామచిహ్నం, ష, మళ్లీ విరామచిహ్నం, మ, గుడి. ఈ రెండు లెక్కలకు మధ్య మూడో లెక్క ఒకటుంది. కర్సర్ ఎక్కడ ఆగాలో నిర్ణయించడానికి యూనికోడ్ చెప్పే ‘గ్రాఫీమ్ క్లస్టర్’ ప్రకారం 2023 వరకు ఈ పదంలో నాలుగు భాగాలు ఉండేవి: ల, క్, ష్, మి. ఆ సంవత్సరం వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకుండా కొత్త నియమం చేర్చింది. దాని ప్రకారం ఇప్పుడు రెండే భాగాలు. అంటే, సంయుక్తాక్షరం ఒకే అక్షరమన్న తెలుగు లాక్షణికుల లెక్కకు ప్రమాణం ఆలస్యంగానైనా దగ్గరయింది.

ప్రమాణం మారినంత మాత్రాన ఎడిటర్లు మారవు. ఒక దానిలో కుడి బాణం మీట నొక్కితే కర్సర్ ‘క్ష్మి’ని ఒక్క అడుగులో దాటుతుంది. మరొక దానిలో మూడడుగులు పడతాయి. వెనుకకు చెరిపే మీట అనేక సాఫ్ట్‌వేర్‌లలో ఒక్కొక్క కోడ్ పాయింట్‌నే తొలగిస్తుంది. సాధారణ లేఖనంలో ఇది చిన్న చికాకు. మార్కప్‌లో ఇది పాఠదోషానికి దారి. ట్యాగు చొప్పించే చోటు కర్సర్ ఉన్న చోటే కాబట్టి, క్‌కీ ష్‌కీ మధ్య కర్సర్ నిలిచిందని తెరమీద స్పష్టంగా కనబడకపోతే ట్యాగు సంయుక్తాక్షరాన్ని చీల్చి కూర్చుంటుంది. ఫైలు వ్యాకరణరీత్యా నిర్దుష్టంగానే ఉంటుంది. ఏ సరిచూపు యంత్రాంగమూ దాన్ని పట్టుకోదు.

అలా చీల్చవలసిన అవసరం నిజంగానే వచ్చే సందర్భాలూ లేకపోలేదు. తాళపత్రం మీద పురుగు తొలిచిన రంధ్రం సరిగ్గా గుడి ఉండవలసిన చోట పడిందనుకుంటే, హల్లు స్పష్టం, అచ్చు అస్పష్టం. పరిష్కర్త ఆ గుడిని మాత్రమే అన్‌క్లియర్ ట్యాగులో ఉంచాలనుకోవడం శాస్త్రీయమైన కోరికే. అయితే అప్పుడు ఆ మూలకంలోని పాఠం గుణింతపు గుర్తుతో మొదలవుతుంది. ఇది కూడదని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అక్షర నమూనా పత్రాలు సూచిస్తాయి. తెరమీద ఆ గుర్తు హల్లును వీడి చుక్కల వలయం మీద వేలాడుతుంది. ఎత్వ ఏత్వాలకు, ఒత్వ ఓత్వాలకు భేదం పాటించని ప్రతులు అనేకం ఉన్నందున, గుణింతానికే పరిమితమైన పాఠాంతరాలు తెలుగులో అరుదు కావు. ఈ చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఇందుకు ఆచరణీయమైన మార్గం ఒకటే. పూర్తి అక్షరాన్ని మార్కప్‌కు కనిష్ఠ ప్రమాణంగా స్వీకరించి, దానిలో ఏ భాగం అస్పష్టమో లక్షణంగానో వ్యాఖ్యగానో నమోదు చేయాలి. అక్షరాన్ని ఒకే ప్రమాణంగా ఎంచుకోనిచ్చే ఎడిటర్ ఈ పద్ధతికి సహకరిస్తుంది. ప్రతి కోడ్ పాయింట్ దగ్గరా ఆగే ఎడిటర్ దోషాలను వెదకడానికి పనికివస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ ఉండాలని కోరడం అత్యాశేమీ కాదు గాని, ప్రోగ్రాములు రాసేవారి కోసం తయారైన సాధనాల్లో అది తరచుగా దొరకదు. ఆ సాధనాలు ప్రతి అక్షరానికీ సమానమైన వెడల్పు ఉంటుందన్న భావన మీద నిలబడినవి. తెలుగులో ఒత్తులు కిందికి పెరుగుతాయి. పంక్తుల మధ్య ఎడం పెంచుకోకపోతే క్రారవడి కింది పంక్తిలోకి దిగుతుంది, లేదా సగం తెగి కనబడుతుంది.

3. కోడ్ పాయింట్ లేని అచ్చు

పై చిక్కు సాధనానికి సంబంధించినది. ఇంతకన్నా లోతైనది లిపికీ మార్కప్‌కీ మధ్య ఉంది. ‘రాముఁడు’, ‘అనియె’ అన్న రెండు పదాలు సంధి చెంది ‘రాముఁడనియె’ అవుతాయి. ఇందులో ‘డ’ అన్న అక్షరంలోని హల్లు మొదటి పదానిది, అకారం రెండవ పదానిది. పదవిభాగాన్ని ట్యాగులతో చూపదలిస్తే ఈ రెంటి మధ్య గీత గీయాలి. హల్లుతో కలిసిపోయిన అకారానికి యూనికోడ్‌లో ప్రత్యేక కోడ్ పాయింట్ లేదు. లేనిదాన్ని ట్యాగు చుట్టలేదు. ఎంత ఖరీదైన ఎడిటర్ కొన్నా ఈ స్థితి మారదు.

సంస్కృతగ్రంథాల మీద, శాసనాల మీద టీఈఐ పద్ధతిలో పని చేసిన బృందాలు పలువురు రోమన్ లిప్యంతరీకరణను ఆశ్రయించడానికి ఇదొక ప్రధాన కారణం. దక్షిణ, ఆగ్నేయాసియా శాసనాల మీద 2019లో మొదలైన ధర్మ ప్రాజెక్టు కూడా పాఠాలను రోమన్ లిపిలోనే, ఐఎస్ఓ 15919 ప్రమాణం ఆధారంగా సంకేతీకరిస్తుంది. అనేక లిపుల శాసనాలను ఒకే చట్రంలోకి తెచ్చే పనికి అది సమంజసమైన నిర్ణయం. రోమన్‌లో అకారం విడిగా ఉంటుంది కాబట్టి సంధిస్థలంలో గీత గీయడం సులువు. కర్సర్ చిక్కులూ ఉండవు.

కాని తెలుగు తాళపత్రాల పరిష్కరణకు ఆ నిర్ణయాన్ని యథాతథంగా అనుసరించడం సందేహాస్పదం. వలపలగిలక రాసిన చోట లేఖకుడు ఏం రాశాడు, ఏ రెండక్షరాల రూపసామ్యం వల్ల పాఠం భ్రష్టమైంది, ఏ ఒత్తు పక్క అక్షరం కిందికి జరిగింది వంటి ప్రశ్నలు లిపికి చెందినవి. లేఖకదోషాలను ఊహించే పరిష్కర్తకు అక్షరం ఆకారం కళ్లముందు ఉండాలి. రోమన్ పాఠంలో ఆ సాక్ష్యం కనుమరుగవుతుంది. పైగా రోమన్‌కు మారడానికి పరిశోధకుడు తనకు తాను చెప్పుకునే కారణం సంధి అయినా, అసలు కారణం ఎడిటర్‌లో తెలుగు సరిగ్గా కనబడకపోవడమే అయ్యే ప్రమాదం ఉంది. సాధనం లోపం సిద్ధాంతం వేషంలో వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టడం కష్టం. పాఠాన్ని తెలుగు లిపిలో ఉంచి, పదవిభాగాన్ని వేరే పొరలో, అక్షరాలకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యల ద్వారా చూపడం మేలైన పద్ధతి. అందుకు ఫైళ్ల మధ్య సూచికలను సరిచూసే ఎడిటర్ కావాలి.

4. మూడు సాధనాలు, మూడు చూపులు

టీఈఐ మీద పని చేసేవారిలో విస్తృతంగా వాడుకలో ఉన్నది రుమేనియాకు చెందిన సింక్రో సాఫ్ట్ సంస్థ తయారీ ఆక్సిజన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎడిటర్. ఇది వాణిజ్య సాఫ్ట్‌వేర్. విద్యారంగానికి తక్కువ ధరలో లైసెన్సు ఉంది. టీఈఐ స్కీమాలు దానితోనే వస్తాయి. రిలాక్స్ ఎన్‌జీ, స్కీమట్రాన్ అనే రెండు సరిచూపు పద్ధతులనూ అది అమలు చేస్తుంది. ట్యాగులు కనబడే పాఠరూపంతో పాటు, ట్యాగులను దాచి ముద్రిత పుటలా చూపే ‘ఆథర్’ రూపం దీని ప్రత్యేకత.

ఈ రెండవ రూపాన్ని కొత్తవారికి సిఫారసు చేయడం పరిపాటి. ఆ సిఫారసును కొంత ప్రశ్నించవలసి ఉంది. పుటలా కనబడే తెర పరిష్కర్తను పాఠకుడిగా మారుస్తుంది. సప్లైడ్ భాగం ఒక రంగులో, అన్‌క్లియర్ భాగం మరో రంగులో కనబడుతుంటే, కొంతసేపటికి కన్ను రంగును దాటి పదాన్ని చదివేస్తుంది. పూరించిన అక్షరానికీ ప్రతిలో ఉన్న అక్షరానికీ మధ్య ఉండవలసిన ఎడం మనసులో చెరిగిపోతుంది. తుది పరిశీలనకు ఆ రూపం ఎంతో ఉపకరిస్తుంది, తొలి సంకేతీకరణకు మాత్రం ట్యాగులు కళ్లకు అడ్డుపడటమే మంచిది. ఇంకొక విషయం: ఈ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల నమోదును, వ్యాఖ్యలను వాడితే అవి దాని సొంత ప్రాసెసింగ్ సూచనలుగా ఫైలులోనే చేరతాయి. పర్యవేక్షకుని వ్యాఖ్యలు అలా పేరుకున్న ఫైలును మరో ఎడిటర్‌లో తెరిస్తే పద్యం మధ్యలో పరాయి పంక్తులు కనబడతాయి. అవి దోషాలు కావు, కాని ఫైలును భద్రపరచేముందు తొలగించవలసినవి.

ఉచిత సాధనాల్లో ఈమాక్స్‌లోని ఎన్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ రీతి పాతదీ, గట్టిదీ. రిలాక్స్ ఎన్‌జీ రూపకర్తల్లో ఒకరైన జేమ్స్ క్లార్క్ దాన్ని రచించాడు. టైపు చేస్తున్నంతసేపూ స్కీమాతో సరిచూస్తూ, తప్పును అక్కడికక్కడే చూపుతుంది. స్కీమట్రాన్ దానిలో అంతర్భాగం కాదు. 2020లో వెలువడిన ఈమాక్స్ 27 నుండి హార్ఫ్‌బజ్ అనే అక్షరకూర్పు యంత్రాంగం చేరడంతో భారతీయ లిపుల ప్రదర్శన మెరుగైంది. నేర్చుకోవడానికి పట్టే కాలమే దీని ధర. మూడేళ్ల ఫెలోషిప్‌లో ఆరు వారాలు సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వగల పరిశోధకుడికి ఇది దీర్ఘకాలం తోడుంటుంది. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కోడ్ ఈ రెంటికీ మధ్యస్థం. ఉచితం, నేర్చుకోవడం తేలిక, ఎక్స్‌ఎమ్‌ఎల్ సరిచూపు మాత్రం అనుబంధాల మీద ఆధారపడుతుంది. ఆ అనుబంధాలను ఎవరు, ఎంతకాలం నిర్వహిస్తారన్నది వాడేవారి చేతిలో లేదు.

మూడింటిలోనూ, ఇతర సాధనాల్లోనూ ఉండే ఒక సౌకర్యం గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. ట్యాగులను మెట్లుమెట్లుగా సర్ది ఫైలును చూడముచ్చటగా చేసే ఆజ్ఞ అది. లెక్కల పట్టికలకు అది నిరపాయం. పాఠమూ ట్యాగులూ కలగలిసిన చోట ఆ సర్దుబాటులో చేరే ఖాళీ పాఠంలో భాగమైపోతుంది. ప్రతిలో పత్రం చివర ‘చంద్రు’ అని ఆగి, తరువాతి పత్రంలో ‘డు’తో మొదలైతే, మధ్యలో పత్రసంఖ్య ట్యాగు ఉంటుంది. సర్దిన తరువాత అది రెండు ముక్కల పదమవుతుంది. స్కీమాను ఫైలుకు జతచేసి ఉంటే మిశ్రమపాఠాన్ని గుర్తించి జాగ్రత్తపడే ఎడిటర్లు ఉన్నాయి. జతచేయని ఫైలులో ఆ రక్షణ ఉండదు. పదాల మధ్య ఖాళీలే లేని తాళపత్రం నుండి ఎత్తిరాసిన పాఠంలో, పరిష్కర్త ఎరగకుండా ఒక పదవిభాగం చేరిపోవడం స్వల్పదోషం కాదు.

5. యతిని ఎరగని స్కీమా

టీఈఐలో పద్యపాదానికి ఎల్, పద్యానికి ఎల్‌జీ మూలకాలు ఉన్నాయి. పాదం మధ్య విరామాన్ని గుర్తించడానికి సిజూరా అనే మూలకం ఉంది. ఆంగ్ల నిఘంటువులు యతికి ఇదే అర్థం ఇస్తాయి కాబట్టి దాన్ని యతిస్థానంలో ఉంచాలన్న ఊహ వెంటనే కలుగుతుంది. సంస్కృత యతికి అది కొంతవరకు చెల్లుతుంది. తెలుగులో యతి విశ్రమస్థానం కాదు, పాదాద్యక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ మధ్య మైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవది, శార్దూలంలో పదమూడవది, మత్తేభంలో పద్నాలుగవది ఆ స్థానాలు. పదం అక్కడ ఆగనవసరం లేదు. రెండు బిందువుల మధ్య సంబంధాన్ని ఒక ఖాళీ బిందువుగా గుర్తిస్తే తెలుగు ఛందస్సులోని ప్రధాన లక్షణమే సంకేతీకరణలో లోపిస్తుంది.

కాబట్టి తెలుగు పద్యానికి స్కీమాను సవరించుకోక తప్పదు. అందుకు టీఈఐ ఓడీడీ అనే విధానాన్ని ఇస్తుంది. మూలకాల వివరణలను తెలుగులో రాసి స్కీమాలో చేర్చుకోవచ్చు, స్కీమా వివరణలను చూపే ఎడిటర్‌లో ట్యాగు ఎంచుకుంటున్నప్పుడే ఆ తెలుగు వాక్యం తెరమీద కనబడుతుంది. ట్యాగుల పేర్లనే తెలుగులో పెట్టుకోవడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ అనుమతిస్తుంది గాని, వివరణలను తెలుగులో ఉంచి పేర్లను అలాగే వదిలేయడం ఫైళ్ల మార్పిడికి మంచిది.

సవరించిన స్కీమాకు స్కీమట్రాన్ నియమాలు తోడైతే ఎడిటర్ ఛందస్సును కూడా సరిచూడగలదు. ఉత్పలమాల అని పేర్కొన్న పాదంలో ఇరవై అక్షరాలు లేకపోతే హెచ్చరించమని రాయవచ్చు. అయితే ఎక్స్‌పాత్‌లోని పొడవు లెక్కించే ప్రమేయం కోడ్ పాయింట్లను లెక్కిస్తుంది, ‘లక్ష్మి’కి ఏడు చూపుతుంది. అక్షరసంఖ్య రావాలంటే విరామచిహ్నం తరువాత రాని హల్లులను, అచ్చులను మాత్రమే లెక్కించి, వాటిలోంచి పొల్లుహల్లులను మినహాయించే నియమం రాసుకోవాలి. ఈ రెండవ షరతు మరచిపోతే ద్రుతాంతపదం ఉన్న ప్రతి పాదంలో ఒక అక్షరం ఎక్కువ లెక్కకు వస్తుంది, నిర్దుష్టమైన పాదం గణభంగంగా కనబడుతుంది. ఎడిటర్ ఇచ్చే హెచ్చరికను చూసి పాఠాన్ని దిద్దే తొందరపాటు ఇక్కడ చాలా ప్రమాదకరం. లాక్షణికుని నియమం తప్పినప్పుడు ప్రతిని దిద్దిన పరిష్కర్తల ఉదంతాలు తెలుగు ముద్రణచరిత్రకు కొత్తవి కావు, ఇప్పుడు ఆ లాక్షణికుని స్థానంలో స్కీమా ఉంది. ఎన్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఒక్కదాన్నే వాడేవారు ఈ సరిచూపును విడిగా నడుపుకోవాలి, పాఠం ఎత్తిరాసే దశలో ఆ విడి కొంత మేలే చేస్తుంది.

6. కనబడని చిహ్నాలు

పాత ముద్రణల్లో కొన్ని అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చినవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు స్థానం తప్పిన ఒత్తులు, జంట గుణింతాలు మిగులుతాయి. క్రమవ్యంజకాలతో వెదకగల ఏ ఎడిటర్‌లోనైనా వాటిని ఏరవచ్చు. ఒక మెలిక మాత్రం ఉంది. ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గానూ, ఎత్వం, దాని కింది చిహ్నం కలిసిన రెండు కోడ్ పాయింట్లుగానూ నిల్వ చేయవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానంగా పరిగణిస్తుంది. తెరమీద ‘తై’ రెండు విధాలా ఒకేలా ఉంటుంది. జంట గుణింతాలను వెదికే సూత్రం రెండవదాన్ని దోషంగా పట్టుకుంటుంది, మామూలు వెదుకులాట దాన్ని అసలు చూడకుండా దాటిపోవచ్చు. ఎక్స్‌ఎమ్‌ఎల్ తనంతట ఈ రూపాలను ఏకం చేయదు. పదసూచిక తయారుచేసే పరిశోధకుడికి ఒకే పదం రెండుచోట్ల కనబడితే కారణం ఇదే కావచ్చు.

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా నిలిపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య చిహ్నం. ద్రుతాంతపదాలను తరువాతి పదంతో కలిపి అచ్చువేసే పద్యాల్లో ఇది అడుగడుగునా ఉంటుంది. కొందరు టైపు చేసేవారు పెడతారు, కొందరు పెట్టరు. దీన్ని చుక్కగానో గీతగానో చూపగల ఎడిటర్ లేకుండా రెండు ప్రతులను పోలిస్తే, లేని పాఠాంతరాలు పట్టికకెక్కుతాయి. 2021లో యూనికోడ్ 14తో చేరిన నకారపు పొల్లు చిహ్నానికి ఎదురయ్యేది వేరే ఇబ్బంది, పాత ఫాంటు ఉన్న కంప్యూటరులో అది ఖాళీ పెట్టెగా కనబడుతుంది. అది ఫాంటు లోపం, ఎడిటర్‌ది కాదు.

లైసెన్సు కొనడానికి, లేదా ఒక సాధనాన్ని నేర్చుకోవడానికి పూనుకునే ముందు, అరసున్న, శకటరేఫం, నకారపు పొల్లు, రెండు రకాల ఐత్వం, అదృశ్య చిహ్నమున్న ద్రుతాంతపదం, మూడు హల్లుల సంయుక్తాక్షరం, పదం మధ్యలో పత్రసంఖ్య ట్యాగు ఉండేలా పది పంక్తుల పరీక్షాపత్రం ఒకటి తయారుచేసుకోవడం అవసరం. దాన్ని ఎంచుకోదలిచిన ఎడిటర్‌లో తెరిచి, చివర ఒక ఖాళీ కొట్టి, దాన్ని చెరిపి, మళ్లీ భద్రపరచాలి. ఆ తరువాత పాత ఫైలునూ కొత్త ఫైలునూ బైటు బైటుకూ పోల్చాలి. ఏ భేదం కనబడినా, అది పరిష్కర్త చేయని మార్పు.